టాంకు నిండుకున్నప్పుడు

నన్ను ‘తడి మేస్త్రి’ అని పిలిచినవాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. అందులో ఒకాయన ఈమధ్య ఒక పెళ్లిలో కనబడి, పంక్తిలో నా పక్కన కూర్చున్నవాళ్లకి నన్ను ఆ పేరుతోనే పరిచయం చేశాడు. ఆకు ముందు నుంచి లేచి వచ్చేద్దామనుకున్నాను గాని, అప్పుడే బూరెలు వడ్డిస్తున్నారు.

ఆ పేరు ఎలా వచ్చిందో, అందులో న్యాయం ఎంతో రాస్తే డీజిల్ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సర్టిఫికెట్ల గురించి రాయను. అవి నాకు లేవు. పని చక్కగా కుదిరిన రోజుల గురించి కూడా పెద్దగా రాయను, ఆ రోజుల్లో నేను నేర్చుకున్నదేమీ లేదు. ఇంజను ముందు నిలబడి తెల్లమొహం వేసిన రోజుల గురించి రాస్తాను. వాటికి కొరత లేదు.

బూడిద చల్లితే చాలు

అరవైల చివర్లో చోడవరం చుట్టుపక్కల చెరుకు తోటల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు బాగా పెరిగాయి. నేను బస్టాండు దగ్గర సన్యాసి మేస్త్రి షెడ్డులో పనికి చేరాను. షెడ్డులో చెయ్యి నాది, నోరు ఆయనది. ఇంజను ఆడితే రైతుతో “నేను సెప్పేను, ఈడు తిప్పేడు” అనేవాడు. ఆడకపోతే “ఈడు తిప్పేడు” అని ఊరుకునేవాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం పోలేదు.

డీజిల్ ఇంజనుకి గాలి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి రావలసిన దారి, సిలిండరులోకి. రెండోది రాకూడని దారి, డీజిల్ గొట్టంలోకి. పంపు డీజిల్‌ని గట్టిగా నొక్కి సన్నటి తుంపరగా ఇంజనులోకి కొట్టాలి. డీజిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో ఒక బుడగ చేరిందంటే పంపు బలమంతా ఆ బుడగని నలపడానికే సరిపోతుంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. అప్పుడు గొట్టం బిగించే మర వదులు చేసి, బుడగలు పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా చేత్తో పంపు కొట్టి, మళ్లీ బిగించాలి. దీన్ని గాలి తీయడం అంటాం. అది ఎవడైనా చేస్తాడు. గాలి ఎక్కణ్ణించి దూరుతోందో పట్టుకోవడమే అసలు పని.

తోటల్లో అది పెద్ద విద్య కాదు. ఆ ఇంజన్లకి టాంకు నెత్తిమీద ఉంటుంది. డీజిల్ తన బరువుకి తనే కిందికి దిగుతుంది. ఎక్కడ బిగింపు వదులైతే అక్కడ బొట్టు బయటికి కారుతుంది. కంటికి ఆనకపోతే పొయ్యిలో బూడిద తెచ్చి గొట్టాల మీద చల్లడమే. ఎక్కడ బూడిద నల్లబడితే అక్కడ తప్పు. ‘తడి ఉన్నచోటే తప్పుంది’ అన్నది సన్యాసి మేస్త్రి వేదం. కొన్నేళ్లకి నేను జేబులో బూడిద పొట్లం లేకుండా బయటికి కదిలేవాణ్ణి కాదు. మా ఆవిడ దాన్ని విబూది అనుకుని నాకు భక్తి కుదిరిందని సంతోషించింది.

సముద్రానికి నీరు కట్టక్కర్లేదు

మా ఊళ్లో ఒక బెల్లం వ్యాపారి ఉండేవారు. నాయుడుగారు అంటాను, అంతవరకు చాలు. చెరుకు వేయించి, గానుగ ఆడించి, బెల్లం అమ్మి విసిగిపోయిన మనిషి. డెబ్బైల నడుమ ఎవరో చుట్టం ఆయనతో సముద్రానికి దుక్కి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, నీరు కట్టక్కర్లేదు అని చెప్పాడు. ఆ మాట ఆయన మనసుకి పట్టేసింది. విశాఖపట్నం రేవులో చేపలు పట్టే మరబోటు ఒకటి కొనేశారు.

రేవులో ఉన్న మెకానిక్కుల మీద ఆయనకి నమ్మకం లేదు. ఇంజను ఇంజనే కదా, తోటలో ఉంటే ఏమిటి, నీళ్ల మీద ఉంటే ఏమిటి అని నన్ను పిలిపించారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ తెలివితక్కువవాళ్లో ఇప్పటికీ చెప్పలేను. బోటు దగ్గడం మొదలుపెట్టినప్పుడల్లా చోడవరంలో బస్సెక్కి అనకాపల్లి మీదుగా రేవుకి వెళ్లడం నా పని అయింది.

బోటుకి సరంగు ఎల్లాజీ. చుక్కాని పట్టేదీ అతనే, ఇంజను చూసుకునేదీ అతనే, మిగిలిన మనుషులకి తిండి పంచేదీ అతనే. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ ఎవరి మీదో నవ్వుతున్నట్టు ఉండేవాడు. అతనికి నా మీద నవ్వడానికి నేను మొదటి పూటే వీలు కల్పించాను.

సముద్రంలో ఇంజను ఆగిపోతోందని పిలిచారు కదా. నేను దిగీ దిగగానే జేబులోంచి పొట్లం తీసి, గొట్టాల మీద బూడిద చల్లి, తడి కోసం చూడడం మొదలుపెట్టాను. ఏం చేస్తున్నావని ఎల్లాజీ అడిగాడు. తడి వెతుకుతున్నానని చెప్పాను. అతను ఒడ్డు మీద వలలు అల్లుకుంటున్నవాళ్లందరికీ వినబడేలాగ అన్నాడు:

“ఒరే, ఈ బాబు బోటులో తడి ఎతుకుతన్నాడ్రా. ఎవరైనా సముద్రం సూపించండి.”

ఆ సాయంత్రానికి రేవంతటికీ నేను తడి మేస్త్రిని.

తడిలేని లీకు

కుర్రాళ్లూ, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా పేరు వేరేగా ఉండేది.

బోటులో టాంకు ఇంజనుకి పైన ఉండదు. చెక్క అడుగున, ఇంజనుకి దిగువన ఉంటుంది. డీజిల్ తనంత తాను రాదు, పంపు దాన్ని పీల్చుకోవాలి. పీల్చే గొట్టంలో సందు పడితే డీజిల్ బయటికి కారదు, బయట గాలి లోపలికి పోతుంది. చిన్నప్పుడు బొప్పాయి కాడతో నీళ్లు తాగారా? కాడ మధ్యలో చీలిక ఉంటే బొట్టు కూడా కింద పడదు, నోట్లోకి మాత్రం నీళ్లకి బదులు గాలి వస్తుంది. ఇదీ అంతే. లీకు ఉంటుంది, తడి ఉండదు. బూడిద బూడిదలాగే ఉంటుంది.

ఇది నాకు తెలివితో తెలియలేదు. ఒక మర పొరపాటున వదులు చేస్తే బొట్టు కారలేదు, సన్నగా బుస్సుమంది. ఆ చప్పుడు విని నేను సన్యాసి మేస్త్రిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

సరే, తడి రాకపోతే తెప్పిద్దామనుకున్నాను. సైకిలు పంపు ఒకటి తెచ్చి, టాంకు మూత బెజ్జంలోంచి లోపలికి గాలి కొట్టాను. అప్పుడు లోపల్నించి బయటికి నెట్టుడు పుడుతుంది, పీల్చే గొట్టం కూడా తోట గొట్టంలాగే కారుతుంది. ప్రతి బిగింపు మీదా కుంకుడుకాయ నురుగు రాశాను. వడపోత గిన్నె దగ్గర ఒక చోట, పంపు ముందర ఇంకొక చోట నురుగు పొంగింది. రెండూ బాగుచేశాను. ఇంజను రేవులో తుమ్మెదలాగా పాడింది. నేను ఎల్లాజీ వైపు చూశాను. అతను వేరే ఎటో చూస్తున్నాడు. నాలాంటివాడికి అదీ ఒక గెలుపే.

బోటు వేటకి వెళ్లి, ఇంకొక బోటు వెనకాల తాడు కట్టించుకుని తిరిగొచ్చింది.

నా సొంత సిద్ధాంతం

మళ్లీ పిలుపు, మళ్లీ బస్సు. నేను చేరేసరికి ఇంజను ఏ దగ్గూ లేకుండా ఆడుతోంది. ఇలా చాలాసార్లు జరిగింది. సముద్రంలో ఆగుతుంది, రేవులో ఆడుతుంది. డాక్టరుని చూడగానే జ్వరం తగ్గిపోయే రోగి లాంటిది. అలాంటి రోగి మీద డాక్టరుకి ఎంత కోపం వస్తుందో నాకు తెలుసు.

చివరికి ఎల్లాజీని అడగక తప్పలేదు. నాకు పేరు పెట్టినవాణ్ణి సలహా అడగడం నాకు చేదుమందు. అందుకే పొడిగా అడిగాను, ఎప్పుడు ఆగుతోంది అని.

“టాంకు నిండుకున్నప్పుడే ఆగతాది” అన్నాడు.

“నిండితే ఆగిపోతుందా?”

అతను నన్ను చంటిపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. “నిండుకుంటే ఆగిపోదేటి మరి?”

నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది. అవతలికి వెళ్లి ఆలోచించాను. టాంకు నిండా డీజిల్ ఉంటే పైన గాలికి చోటుండదు. డీజిల్ కదలాలంటే దాని వెనక గాలి చొరబడాలి. మూతకున్న బెజ్జం చిన్నది. అందుకే నిండుగా ఉన్నప్పుడు పీల్చుడు అందడం లేదు. ఎంత చక్కటి సిద్ధాంతమో చూడండి. దానికి ఒకటే లోపం, అది తప్పు.

మూత బెజ్జాన్ని పెద్దది చేసి చోడవరం వెళ్లిపోయాను. ఆ వేటలో కెరటం చిమ్మి ఆ బెజ్జంలోంచి ఉప్పునీరు టాంకులో పడింది. దారిలో గుడ్డ కుక్కుకున్నారట. ఎల్లాజీ రేవులో ఏమన్నాడో నాకు పూసగుచ్చినట్టు చెప్పినవాళ్లున్నారు. “గాలి దూరతందని పిలిస్తే, గాలికి గుమ్మం పెట్టేడు.”

ఆ మాట బాగుంది. బాగున్న అవమానాన్ని మరిచిపోవడం ఇంకా కష్టం.

మనిషిదా, మరదా

ఇంతలో నాయుడుగారికి ఇంకొక అనుమానం పుట్టింది. ఎల్లాజీ కావాలనే ఇంజను ఆపి, నడిసముద్రంలో చేపలు వేరే బోటుకి దాటించేస్తున్నాడని ఎవరో చెవిలో వేశారు. నన్ను బెల్లం కొట్టు దగ్గరికి పిలిచి, తప్పు మనిషిదా మరదా చెప్పమన్నారు.

నేను ఎల్లాజీ తప్పని అనలేదు. ఇది ఆ రోజూ చెప్పాను, ఈ రోజూ చెబుతున్నాను. మరలో తప్పు నాకు కనబడలేదని మాత్రమే అన్నాను. సరంగు ఏమంటున్నాడని ఆయన అడిగితే, టాంకు నిండుగా ఉన్నప్పుడు ఆగుతోందని అంటున్నాడని చెప్పాను.

నాయుడుగారు ఫక్కున నవ్వారు. “కడుపు నిండిన ఎద్దు బండి లాగతాది గాని ఆగిపోతాదేట్రా సూరీ? దొంగ మాట.”

అంతటితో తేలిపోయింది. రాబోయే వేటకి ఎల్లాజీ బోటెక్కక్కర్లేదు, వేరే సరంగుని చూశారు. దొంగ అని పేరు పడినవాణ్ణి ఆ రేవులో ఇంకెవరూ బోటెక్కించుకోరని కూడా ఆయనే చెప్పారు. సంతోషించవలసినవాణ్ణి నేను. సంతోషం ఎందుకు రాలేదో తెలియక, ఇంటికెళ్లి కోపం తెచ్చుకున్నాను.

మా ఆవిడ మహలక్ష్మి చేటలో బియ్యం ఏరుతోంది. నేను మొదటినుంచీ అంతా ఏకరువు పెట్టాను. బోటు గురించి తక్కువ, నాకు జరిగిన అవమానాల గురించి ఎక్కువ. ఆవిడ రాళ్లు ఏరుతూనే ఉంది. టాంకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపింది.

“ఆ మనిషి ఏటన్నాడో ఉన్నదున్నట్టు సెప్పండి.”

“టాంకు నిండుకున్నప్పుడే ఆగుతుంది అన్నాడు.”

“మరి సరిగ్గానే సెప్పేడు కదా.”

“నిండితే ఎలా ఆగుతుందే?”

“నిండితే కాదు, నిండుకుంటే. మొన్న బియ్యం నిండుకున్నాయంటే సంచీ అట్టుకుని బజారుకెల్లేరా? డబ్బా నిండిపోనాదని ఇంట్లో కూకున్నారా?”

బియ్యానికి అంటారు, పసుపుకి అంటారు, డీజిల్‌కి ఎవరంటారని అడిగాను.

“డీజిలు మీద బతికేవోడు అంటాడు.”

ఏ ఇల్లాలూ బియ్యం అయిపోయాయని అనదు. ఆ మాట అంటే ఆ ఇంట నిజంగానే లేకుండా పోతాయని భయం. అందుకే నిండుకున్నాయి అంటుంది. బోటులో ఎల్లాజీ ‘అయిపోయింది’, ‘ఖాళీ’ అన్న మాటలు ఎవరినీ అననిచ్చేవాడు కాదని అప్పుడు గుర్తొచ్చింది. ఒడ్డు కనబడని చోట డీజిల్ అయిపోయిందని ఎవడంటాడు? పుట్టినప్పటినుంచీ వింటున్న మాట, ఇనుప టాంకు మీద కనబడేసరికి నేను పోల్చుకోలేకపోయాను.

మహలక్ష్మి ఈ సంగతి మా వీధిలో అందరికీ చెప్పింది. ఇంజన్ల మాట అలా ఉంచండి, ఈయనకి తెలుగే రాదు అని. అది కూడా నా లెక్కలోనే ఉంది.

జానెడు డీజిల్

మిగతాది బస్సులో కూర్చునే అల్లుకున్నాను. డీజిల్ అడుక్కి దిగినప్పుడు, ఇంకా కొంత ఉండగానే, ఇంజను ఆగుతోందన్నమాట. రేవుకి రాగానే ముందు టాంకు నింపాలని, బోటుని వెలితి టాంకుతో కట్టెయ్యకూడదని నాయుడుగారి కట్టడి. ఆయన బియ్యపు గాదె సంగతీ అంతే. అంచేత బోటు వెలితి టాంకుతో ఆగుతుంది, నేను చేరేసరికి నిండు టాంకుతో ఆడుతుంది. నేను ఎప్పుడూ జబ్బు లేని ఇంజనుకే వైద్యం చేశాను.

రేవులో నాయుడుగారు ఉన్నారు, కొత్త సరంగు ఉన్నాడు. కొంచెం దూరంలో పాత తాడు మీద కూర్చుని ఎల్లాజీ ఉన్నాడు. టాంకులో డీజిల్ తోడేయాలని చెప్పాను. నాయుడుగారి మొహం ముడుచుకుపోయింది.

“ఏటకెల్లే పూట నిండు టాంకు ఖాళీ సేత్తానంటావేట్రా?”

ఖాళీ అన్న మాటకి ఎల్లాజీ మొహం పక్కకి తిప్పుకోవడం చూశాను. నేను విన్నది సరైనదే అని అప్పుడు రూఢి అయింది.

అతని మీద జాలితో ఇదంతా చేశానని అనుకోకండి. నాకు పేరు పెట్టినవాడు నిజం చెప్పాడనీ, నేను తప్పు విన్నాననీ రేవంతా చూస్తుండగా తేలితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాని నేను తప్పు విన్న మాటకి ఒకడి బోటు పోతే వాడు జీవితాంతం నన్ను గుర్తు పెట్టుకుంటాడు. అలా గుర్తు పెట్టుకోవడం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. అందుకని మొండికేశాను. తోడనిస్తేనే ఇంజను ముట్టుకుంటాను, లేకపోతే ఇప్పుడే బస్సెక్కుతానన్నాను. నాయుడుగారు తిట్టి, ఒప్పుకున్నారు.

ఇంజను ఆడుతుండగానే డ్రమ్ముల్లోకి డీజిల్ తోడాం. సగం అయింది, ఇంజను ఆడుతోంది. సగంలో సగం అయింది, ఆడుతోంది. నాయుడుగారు గొడుగు కర్రతో నేల మీద కొడుతున్నారు. నా చెమట చూసి కొత్త సరంగు నవ్వుతున్నాడు. అడుగున జానెడు లోతు డీజిల్ ఉందనగా ఇంజను ఒక దగ్గు దగ్గింది. ఇంకొకటి దగ్గింది. ఆగిపోయింది.

ఎల్లాజీ తాడు మీదనుంచి లేవలేదు. బీడీ మాత్రం పడేశాడు.

టాంకులోకి దిగే పీల్చుడు గొట్టాన్ని బయటికి తీశాను. ఒక చివర వేలితో మూసి, బకెట్టు నీళ్లలో ముంచి, రెండో చివర సైకిలు పంపుతో గాలి కొట్టాను. అడుగునుంచి జానెడు ఎత్తున, అతుకు దగ్గర, బుడగలు వరుసకట్టాయి. వెంట్రుక లాంటి చీలిక. అది డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపు డీజిల్‌నే పీలుస్తుంది, ఎవరికీ తెలియదు. డీజిల్ దానికి దిగువకి జారగానే గాలి పీలుస్తుంది. బొప్పాయి కాడే. చీలిక నీళ్లలో మునిగి ఉంటే తాగేవాడికి తెలియదు.

ఆ బోటంతటిలోనూ నేను తడి వెతకని చోటు ఒక్క టాంకు లోపలే.

కొత్త గొట్టం వేశాను. నాయుడుగారు ఎల్లాజీతో ఏమీ అనలేదు. కొత్త సరంగుతో ఇంకొకసారి రమ్మన్నారు. నాతో మాత్రం ఇంత చిన్న సంగతికి ఇన్నాళ్లా అన్నారు. అదీ లెక్కలో వేసుకున్నాను.

దేవరాపల్లి మడుగు

ఎల్లాజీ ఏమన్నాడని అడుగుతారు. చెబుతాను. ముందు ఇది వినండి, లేకపోతే నేను ఆ రోజుతో బాగుపడిపోయానని అనుకుంటారు.

ఆ తరవాత చాలా కాలం నాకు ఎక్కడ చూసినా తడిలేని లీకులే కనబడ్డాయి. దేవరాపల్లి వైపు ఒక రైతు తోటలో ఇంజను ఆగిపోతుంటే పిలిచారు. నేను సైకిలు పంపు తగిలించి, కుంకుడు నురుగు రాసి, టాంకు విప్పించి, లోపలి గొట్టం గురించి ఆయనకి పాఠం చెప్పాను. ఆయన అంతా ఓపికగా విని, బాబూ, మీరు నిలబడిన ఆ మడుగేటి అని అడిగాడు. చూసుకుంటే నేను మడమల దాకా డీజిల్‌లో ఉన్నాను. టాంకు కింద నట్టు వదులైంది. సన్యాసి మేస్త్రి ఉంటే చిటికెడు బూడిదతో తేల్చేసేవాడు.

కొత్త పాఠం నేర్చుకున్నామని పాతది పారేయకండి. బోల్టు విప్పే ముందు ఇంజను నడిపే మనిషిని అడగండి. అతను చెప్పాక, ఆ మాట అతని ఇంట్లో ఏ అర్థంతో వాడతారో కూడా అడగండి. సిగ్గుపడి అడగకపోతే ఏమవుతుందో ఇంతసేపూ చదివారు.

ఇక ఎల్లాజీ. కొత్త గొట్టంతో మొదటి వేట నుంచి బోటు ఎవరి తాడూ లేకుండా సొంత ఇంజను మీద వచ్చింది. నేను రేవులోనే ఉన్నాను, వేరే ఏదో పని ఉన్నట్టు. బోటు ఒడ్డుకి తగిలింది. ఎల్లాజీ దూకి, తాడు కట్టి, తిన్నగా నా ముందుకి వచ్చి నిలబడ్డాడు.

“మేస్త్రీ, టాంకు అయిపోయింది” అన్నాడు.

బోటులో ఉన్నవాళ్లు చేపల బుట్టలు ఎత్తుతూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అందరిలోకీ పెద్దాయన బోటు చెక్కని తాకి కళ్లకద్దుకున్నాడు. ఆ మాటేటిరా నోట్లోంచి అని గొణిగాడు.

“ఈ బాబుకి ఇలా సెప్తేనే బోదపడతాది” అని ఎల్లాజీ పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు.

అతను నన్ను అన్న మాటలన్నీ నా దగ్గర వరుసగా ఉన్నాయి. దీన్ని ఆ వరుసలో వేయాలో, విడిగా ఉంచాలో ఇన్నేళ్లయినా తేల్చుకోలేదు. ఆ రోజు మాత్రం డీజిల్ డబ్బా భుజానికెత్తుకుని బోటెక్కి, టాంకు నింపాను. అది మెకానిక్కు చేయవలసిన పని కాదు.